వానదే తప్పు

రెండు మిల్లీమీటర్లు తక్కువైంది. 2025 సెప్టెంబరు 23, మంగళవారం తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ మధ్య కోల్‌కతాలో 98 మిల్లీమీటర్ల వాన కురిసింది. గంటలో వంద పడితే దాన్ని క్లౌడ్‌బరస్ట్ అనొచ్చు. ఇంకొక్క రెండు పడి ఉంటే ఏలినవారికి ఎంత హాయిగా ఉండేది! ఆకాశమే బద్దలైంది, మానవమాత్రులం మేమేం చేస్తాం అని చేతులు దులుపుకుని దుర్గాపూజ పందిళ్లకు రిబ్బన్లు కోయడానికి వెళ్లిపోయేవారు. పాపం, ఆ అదృష్టం దక్కలేదు. పోనీ తుపాను అందామా అంటే అదీ కాదు. బంగాళాఖాతంలో పుట్టిన ఒట్టి అల్పపీడనం. దానికో పేరు లేదు, కన్ను లేదు, తీరం దాటే ముహూర్తం లేదు, టీవీలో చూపించడానికి సుడి తిరిగే బొమ్మ లేదు. ఊరూ పేరూ లేని వాన వచ్చి మహానగరాన్ని ముంచి పోతే ప్రభుత్వానికి అంతకంటే అప్రతిష్ఠ ఏముంటుంది?

అందుకని రికార్డును ఆశ్రయించారు. 24 గంటల్లో 251.4 మిల్లీమీటర్లు. 1986 తర్వాత ఒక్కరోజులో ఇంత వాన పడలేదు. గరియా కామ్‌డహరిలో 332, జోధ్‌పుర్ పార్కులో 285, కాళీఘాట్‌లో 280. వాతావరణ శాఖ వాళ్లు అమాయకంగా అంకె ఇస్తారు. సాయంత్రానికి అది మునిసిపాలిటీ చేతిలో నిర్దోషి సర్టిఫికెట్ అయి కూర్చుంటుంది. ఇంత వాన ఎన్నడూ చూడలేదు అన్న మాట వినిపించగానే కాలువల సంగతి అడగాలనుకున్నవాడు నోరు మూసుకోవాలి. ఎన్నడూ చూడనిదానికి ఏర్పాట్లు ఎవరు చేస్తారు?

కానీ చూశారు. 137 ఏళ్ల లెక్కల్లో ఈ వానది ఆరో ర్యాంకు. అంటే ఇంతకంటే పెద్దవి అయిదు ఇదే ఊరి మీద పడ్డాయి. 1978 సెప్టెంబరు 28న 369.6 మిల్లీమీటర్లు కురిసింది. ఆ పాత రికార్డుకు 118 మిల్లీమీటర్లు తక్కువ పడిన వానకు, 47 ఏళ్ల తర్వాత, ఇంత ఇంజనీరింగూ ఇంత అప్పూ అయ్యాక, నగరం నడుంలోతు మునిగింది. మహానాయక్ ఉత్తమ్ కుమార్, రవీంద్ర సరోబర్ స్టేషన్ల మధ్య మెట్రో పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగిపోయాయి. కాలేజీ స్ట్రీట్‌లో పుస్తకాలు తడిశాయి. విగ్రహాలు చేసే కుమార్‌టులిలో రంగులు ఆరని దుర్గమ్మల కాళ్ల దగ్గర మట్టి కరిగింది. బడి పిల్లలకు మాత్రం మేలే జరిగింది. పూజ సెలవులు ముందుకు జరిపారు.

పేరున్న తుపానులతో ఈ పేచీ ఉండదు. థాయ్‌లాండ్ వాళ్లు అంఫాన్ అన్నారు, ఒమన్ వాళ్లు యాస్ అనీ రెమాల్ అనీ అన్నారు, ఖతార్ వాళ్లు దానా అన్నారు. విదేశీ పేరుతో శత్రువు వస్తోందంటే పాలనకు ఎక్కడలేని చురుకూ వస్తుంది. సచివాలయం నబన్నలో కంట్రోల్ రూమ్ దీపాలు తెల్లవార్లూ వెలుగుతాయి. ముఖ్యమంత్రి రాత్రి అక్కడే ఉండిపోయారని పత్రికలు రాస్తాయి. ఢిల్లీ నుంచి హెలికాప్టర్ వస్తుంది. 2020 మే 20న అంఫాన్ వచ్చి పశ్చిమ బెంగాల్లో 98 మందిని పొట్టన పెట్టుకుంది; కోల్‌కతా విమానాశ్రయంలో నీళ్లు నిలిచాయి, శిబ్‌పూర్ వృక్షోద్యానంలో రెండు శతాబ్దాలు దాటిన మహామర్రి సైతం దెబ్బతింది. రెండో రోజునే ప్రధాని ఆకాశం నుంచి చూసి వెయ్యి కోట్ల అడ్వాన్సు ప్రకటించారు. సాయం కింద ఇచ్చిన టార్పాలిన్లు మాత్రం ఇల్లు పోయినవాళ్ల కంటే ముందు ఇల్లు చెక్కుచెదరని పార్టీవాళ్లకు దొరికాయన్న గొడవ ఊరూరా రేగింది. 'త్రిపాల్ చోర్' (టార్పాలిన్ దొంగ) అన్న నినాదం అప్పుడే పుట్టింది. చివరికి ఆ డిసెంబరులో కలకత్తా హైకోర్టు కాగ్ ఆడిట్ చేయమనాల్సి వచ్చింది. తుపాను పైకప్పు ఎత్తుకుపోతే, దాని మీద కప్పాల్సిన పట్టాను ఎత్తుకుపోవడానికి మనుషులు మిగిలారు.

మరుసటి ఏడు యాస్ వచ్చినప్పుడు ఇంకా బాగుంది. 2021 మే 28న కలైకుండాలో జరిగిన సమీక్షకు ముఖ్యమంత్రి ఎంత ఆలస్యంగా వచ్చారు, ప్రధాని ఎంతసేపు ఎదురుచూశారు, ప్రధాన కార్యదర్శి ఎవరి పక్కన ఉండాల్సింది అన్నదాని మీద దేశం యావత్తూ రోజుల తరబడి తర్కించింది. సుందరవనాల్లో గట్లు తెగి ఉప్పునీళ్లలో నిలబడ్డ ఊళ్లకు ఆ తర్కంలో చోటు చాల్లేదు.

సెప్టెంబరు వానకు ఇలాంటి వైభవం ఏదీ లేదు గనక నేరం మోసేవాళ్లను స్థానికంగానే వెతుక్కోవాల్సి వచ్చింది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు కదా, బాగానే పంచారు. మొదటి పిడికెడు ఫరాక్కాకు. అక్కడ పూడిక తీయకపోవడం వల్లనే ఇదంతా అని ముఖ్యమంత్రి మమతా బెనర్జీ సెలవిచ్చారు. ఫరాక్కా అంటే నగరానికి సుమారు మూడు వందల కిలోమీటర్ల ఎగువన, 1975లో పని మొదలుపెట్టిన బ్యారేజీ. దాన్ని కట్టిందే హుగ్లీలోకి నీళ్లు చాలడం లేదని, కోల్‌కతా రేవు పూడిపోతోందని. అయిదు గంటల్లో నెత్తిమీద పడ్డ వాన, మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న మట్టి వల్ల గరియాహాట్ వీధుల్లో నిలబడింది. భౌతిక శాస్త్రంలో ఇది కొత్త అధ్యాయం. రెండో పిడికెడు గంగ పోటుకు: పోటు వేళ లాకులు మూసెయ్యాలి, మూస్తే నీళ్లు బయటికి పోవు. నిజమే. కాకపోతే ఈ పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఈస్టిండియా కంపెనీ వర్తకుడు జాబ్ చార్నాక్ పడవ దిగకముందు నుంచీ వస్తోంది, దాని వేళలు రేవువాళ్లు ఏడాది ముందే అచ్చేస్తారు.

మూడో పిడికెడు కరెంటు కంపెనీకి. ఇక్కడ నవ్వడానికేమీ లేదు. ఆ ఒక్కరోజు కనీసం పది మంది చనిపోయారు, అందులో అత్యధికులు కరెంటు షాక్‌తో. నీళ్లలో సైకిల్ నడుపుకుంటూ పోతున్నవాడు, దుకాణం తలుపు తెరవబోయినవాడు. బాధ్యత సీఈఎస్‌సీదే, వాళ్లే పరిహారం ఇవ్వాలి, ఉద్యోగమివ్వాలి అంది ప్రభుత్వం. చాలా మరణాలకు కారణం లోపలి వైరింగు, వీధి దీపాల స్తంభాలు మావి కావు అంది కంపెనీ. వీధి దీపం ఎవరిదో తేలే లోపు వీధిలో నడిచినవాడి అంత్యక్రియలు అయిపోయాయి. ప్రభుత్వం తరఫున కుటుంబానికి రెండు లక్షలు ప్రకటించారు. అదే ఏడాది పూజ కమిటీలకు ఒక్కొక్కదానికి లక్షా పదివేలు ఇచ్చారు, కరెంటు చార్జీలో 80 శాతం రాయితీ కూడా ఇప్పించారు. పందిరికి 80 శాతం రాయితీ; నీళ్లలో కాలు పెట్టినవాడికి కరెంటు పూర్తిగా ఉచితం.

ఇప్పుడు అసలు కాలువల దగ్గరికి వద్దాం, వాటి దగ్గరికి ఎవరూ రారు గనక. కోల్‌కతా పాత నగరం కింద ఇటుకలతో కట్టిన సొరంగాల్లాంటి మురుగు కాలువలున్నాయి. విలియం క్లార్క్ అనే ఇంజనీరు 1855లో పథకం వేశాడు. 1859లో మొదలైన పని 1875 నాటికి ముగిసింది. ఆయన గమనించింది చాలా తేలిక విషయం: ఊరు హుగ్లీ ఒడ్డున ఎత్తుగా ఉంది, తూర్పుకు పోయేకొద్దీ పల్లం. నది పక్కనే ఉందని నీళ్లను నదిలోకి తోయకూడదు, పల్లంలో ఉన్న ఉప్పు చెరువుల వైపు పంపాలి. గంటకు పావు అంగుళం, అంటే ఆరు మిల్లీమీటర్ల చొప్పున వాన పడితే లాగేసుకునేటట్టు కట్టాడు. ఆ వ్యవస్థే నేటికీ నడి ఊరికి ప్రాణం. ఆరుకు కట్టిన కాలువలోకి 98 వచ్చింది. మధ్యలో గడిచిన నూటయాభై ఏళ్లలో ఊరు పెరిగింది, జనం పెరిగారు, కాంక్రీటు పెరిగింది, బంగాళాఖాతం వేడెక్కింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ మోస్తుంది. వీటన్నిటికీ జవాబుగా కాలువల్లో ప్లాస్టిక్ సంచులు పెరిగాయి.

ఏమీ చేయలేదంటే అన్యాయం. ఆసియా అభివృద్ధి బ్యాంకు దగ్గర రెండు దశాబ్దాలుగా అప్పులు తెస్తూనే ఉన్నారు. పాత ఇటుక కాలువలకు లోపల కొత్త పూతలు వేయించారు. 2018 డిసెంబరులో అదే బ్యాంకు సాయంతో నగర స్థాయి వరద ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఏర్పాటు చేశారు, దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని చాటారు. ఊరంతా సెన్సార్లు. ఏ సందులో ఎన్ని అంగుళాల నీళ్లున్నాయో క్షణాల్లో చెబుతాయట. ఆ సందులో నిలబడ్డవాడికి ఆ సంగతి ముందే తెలుసు.

మునుగుతుందని చెప్పినా వినకపోవడం ఆ ఊరికి కొత్త జబ్బు కాదులెండి. తుపాను సుడులను లెక్కగట్టి, వాటికి సైక్లోన్ అని పేరుపెట్టిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఉన్నవాడే. మాతలా నది మీద కొత్త రేవు కడతామని తెల్లదొరలు ఉబలాటపడుతుంటే, 1853లో ఆయన గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగంగా రాశాడు: అక్కడ కట్టొద్దు, ఏదో ఒకరోజు తుపాను ఉప్పెన వచ్చి మొత్తం ఊడ్చుకుపోతుంది అని. దొరలు ఆయన్ను పిచ్చివాడి కింద జమకట్టి రేవు కట్టారు, దానికి క్యానింగ్ పేరు పెట్టారు, రైలు వేశారు, భూముల కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ వాటాల కోసం బొంబాయి మార్కెట్‌లో కొట్టుకున్నారు. 1864 అక్టోబరు 5న తుపాను వచ్చి హుగ్లీ పొడవునా దాదాపు అరవై వేల మందిని మింగింది, అప్పుడూ ఆగలేదు. 1867 నవంబరులో ఇంకోటి వచ్చి పోర్ట్ క్యానింగ్‌ను ఊడ్చేసింది. అయిదేళ్లకు వదిలేసి పోయారు. పిడింగ్టన్ 1858లోనే పోయాడు కనక 'నేను చెప్పలేదా' అనే సుఖం కూడా దక్కలేదు. ఈ తుపానుల దెబ్బకే హెచ్చరికల వ్యవస్థ పుట్టింది, 1875లో భారత వాతావరణ శాఖ కలకత్తా కేంద్రంగా మొదలైంది. వాతావరణ శాఖకు పుట్టిల్లు అయిన ఊరు ఆకాశాన్ని చూసి ఆశ్చర్యపోవడం చూడముచ్చటగా ఉంటుంది.

క్లార్క్ నీళ్లు పంపిన తూర్పు పల్లం ఏమైందంటారా? ఆ నీళ్లు చేరిన విద్యాధరి నది పూడిపోయి 1928లో చచ్చిపోయిందని అధికారికంగా ప్రకటించారు. 1943లో కుల్టీ దాకా కొత్త కాలువలు తవ్వారు. 1960ల్లో హుగ్లీ ఇసుకను గొట్టాల్లో తెచ్చి చెరువులు పూడ్చి సాల్ట్ లేక్ అనే ఉపనగరం లేపారు. ఆ తర్వాత ఇంకా తూర్పున న్యూటౌన్. మిగిలిన 12,500 హెక్టార్ల తడినేలకు 2002 ఆగస్టులో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఊరి మురుగును అక్కడి జాలర్లు పైసా తీసుకోకుండా శుద్ధి చేసి, అందులోనే చేపలు పెంచి, ఊరికే తిరిగి అమ్ముతారు. ప్రపంచమంతా వచ్చి నోరెళ్లబెట్టి చూసి పోయే ఈ ఏర్పాటును, నోరెళ్లబెట్టని వాళ్లు గజాల్లో కొలుస్తున్నారు.

దక్షిణాన ఆదిగంగ కథ ఇంకా రుచిగా ఉంటుంది. కాళీఘాట్ అమ్మవారి గుడి పక్కన పారే ఆదిగంగ అసలు గంగ పాత పాయ అని భక్తుల నమ్మకం. దక్షిణ కోల్‌కతా వాన నీటికి అదో దారి. ఆ పాయ నడిమధ్యన సుమారు మూడు వందల కాంక్రీటు స్తంభాలు పాతి మెట్రో రైలు నడిపారు. గరియా వైపు ఆ లైను 2009, 2010ల్లో ప్రారంభమైనప్పుడు రైల్వే మంత్రి మమతా బెనర్జీ, రాష్ట్రంలో వామపక్ష ప్రభుత్వం. రోడ్డు మీద లాఠీలతో తలపడిన ఆ ఇద్దరూ నది గుండెలో స్తంభం దింపే దగ్గర ఎంత సామరస్యంగా ఉన్నారో! ఆ లైను చివరి స్టేషన్ కవి సుభాష్‌ను 2025 జులైలో స్తంభాలకు పగుళ్లొచ్చి మూసేశారు. నీటికి అడ్డంగా వేసిన లైను చివరంటా నిలబడనూ లేదు.

బెంగాలీ బాబులను చూసి నవ్వుకుంటున్న తెలుగు పాఠకులు కాస్త ఆగాలి. ఈ ముంపులో మన వాటా కూడా ఉంది. కోల్‌కతా వాళ్లు ఇంటి పక్క పుకూర్లు, అంటే చెరువులు, పూడ్చి అపార్ట్‌మెంట్లు లేపుకున్నారు. అన్నంలోకి చేప మాత్రం కావాలి కదా. ఆ రొహూ, ఆ కట్లా ఐసు పెట్టెల్లో హౌరా మార్కెట్‌కు వెళ్లేది మన ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు నుంచి. అవి పెంచడానికి మనవాళ్లు కొల్లేరుకు గట్లు వేసుకున్నారు. కొల్లేరుకూ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది అదే 2002 ఆగస్టులో. అక్కడ చేపల చెరువు ఉంటే తడినేల బతుకుతుంది, ఇక్కడ చేపల చెరువే సరస్సును తింటుంది. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు పేల్చారు. పేల్చిన గట్లు మళ్లీ మొలిచాయి. ఆ కొల్లేట్లోకి పోవాల్సింది బుడమేరు. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. వాగు పొట్ట మీద కాలనీలు, వాగు నోటికి అడ్డంగా గట్లు. వాళ్ల చెరువు పూడ్చిన చోట మేడ, మన సరస్సుకు గట్టేసిన చోట వాళ్ల మాచేర్ జోల్, అదే చేపల పులుసు. జాతీయ సమైక్యత అంటే ఇది.

నేరం మోయించడంలోనూ మనం తీసిపోలేదు. వాళ్లకు ఫరాక్కా దొరికితే మనకు పడవలు దొరికాయి. కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వస్తుంటే పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీని గుద్దాయి. అవి ఏ పార్టీవాళ్ల పడవలు, వెనక కుట్ర ఎంత లోతు అన్నదాని మీద జరిగినంత చర్చ బుడమేరు లోతు మీద జరగలేదు. హైదరాబాద్ సంగతీ అంతే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని తీసుకుపోతే నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు, తర్వాతి నిజాం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించాడు. 1996లో ప్రజాస్వామ్య ప్రభుత్వం వాటి చుట్టూ కట్టడాలు వద్దని 111 జీవో ఇచ్చింది. 2022లో ఇంకో ప్రజాస్వామ్య ప్రభుత్వం అది అక్కర్లేదంది. 2024లో మూడో ప్రభుత్వం హైడ్రా అనే సంస్థ పెట్టి ఆక్రమణల మీదికి బుల్డోజర్లు తోలింది. ఒక రాచరికం కట్టినదాన్ని కాపాడటానికి, విప్పడానికి, మళ్లీ కాపాడటానికి మూడు ప్రజాప్రభుత్వాలు పట్టాయి.

వేరేగా చేయొచ్చా అంటే చేసినవాళ్లున్నారు. ఉష్ణమండల తుపానుతో పనిలేదనుకునే కెనడా మీదికి 1954 అక్టోబరు 15న హేజెల్ అనే హరికేన్ శేషం వెళ్లింది. టొరంటో పరిసరాల్లో 81 మంది చనిపోయారు. హంబర్ నది పక్కన రేమోర్ డ్రైవ్ అనే ఒక్క వీధిలోనే 35 మంది. వాళ్లు కూడా రికార్డు వర్షమని ఊరుకుని ఉండొచ్చు, నిజంగానే రికార్డు వర్షం గనక. ఊరుకోలేదు. వరద మైదానాల్లో ఇళ్లు కట్టడం నిషేధించారు, నదీ లోయల భూములు కొని పార్కులు చేశారు. రేమోర్ డ్రైవ్‌లో ఇళ్లు కొట్టుకుపోయిన చోట ఇప్పుడు గడ్డి, చెట్లు. అలాగని అక్కడివాళ్లంతా రుషులనేమీ అనుకోనక్కర్లేదు. 2024 ఆగస్టులో డెబీ అనే తుపాను శేషం మాంట్రియల్ మీద ఒక్కరోజులో 150 మిల్లీమీటర్లకు పైగా కుమ్మరిస్తే నేలమాళిగలన్నీ నిండాయి, బీమా కంపెనీలు గగ్గోలు పెట్టాయి. తేడా అల్లా, 1954 తర్వాత టొరంటో వాళ్లు ఆకాశం మీద కాకుండా పట్టా కాగితాల మీద చర్య తీసుకున్నారు. మనకు ఆకాశం మీద కోపం, పట్టాల మీద ప్రేమ.

కాబట్టి ఈసారి మీ ఊళ్లో ఎవరైనా మైకు ముందుకొచ్చి రికార్డు వర్షం అనగానే, పాత రికార్డు ఎంతో అడగండి. అది పడిన ఏడాది మీ వాగు ఎంత వెడల్పు ఉండేదో, ఇప్పుడెంత ఉందో అడగండి. మధ్యలో లేఔటుకు అనుమతి ఇచ్చిన కాగితం మీద ఎవరి సంతకం ఉందో అడగండి. నోటితో అడిగితే చెప్పరు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది, దరఖాస్తుకు పది రూపాయలు మించదు.